థర్డ్ పార్టీ

షార్జా, రోల్లాల టైపింగ్ సెంటర్ మీద రెండో అంతస్తు.
శిహాబ్ కంప్యూటర్ల నా పేరు కొడ్తున్నడు:
కొక్కుల రాజేశం. నిస్సాన్ సన్నీ. తెల్లది.
అక్కడిదాకా మంచిగనే నవ్విండు.
ఎంటర్ కొట్టినంక తెర నా దిక్కు తిప్పలే.
"భాయ్, నీ మీద ఏందో ఉన్నది" అన్నడు,
ఎక్స్‌రేల మచ్చ చూసిన డాక్టర్ లెక్క.

ఉన్నది.
అజ్మాన్ల ఒక గురువారం రాత్రి ఉన్నది.
పోశెట్టికి పద్దెనిమిదేండ్ల గ్రాట్యుటీ ఒచ్చిందని
నాలుగు బీర్లు, అటెనక లెక్క తప్పిన ఇంకొకటి.
రూముకు పన్నెండు నిమిషాలే గదా అనుకున్న.

ఆ పన్నెండు నిమిషాలకు
ఆర్నెల్లు లైసెన్సు పోయింది,
జుర్మానా కట్టెతందుకు మూడు చిట్టీలు ముందే ఎత్తిన.
డివైడర్ మీద ఇరిగిన ఖర్జూర చెట్టుకు వేరే బిల్లు.
చెట్టుకు గూడ ధర ఉంటదని
మున్సిపాలిటీ కాయితం మీదనే మొదటిసారి చూసిన.
నా రెండు నెలల సంపాదన కన్న ఎక్కువ.
నన్నెవడన్న ఇరగ్గొడితె ఎంత రాస్తరో
అడగబుద్ధయింది.
అంత అరబ్బీ రాలే.

ఇప్పుడు ముల్కియాకు పదకొండు రోజులు.
ఇన్సూరెన్సు లేంది అది కాదు, అది లేంది బండి కదలది,
గ్యాసు సిలిండరు, నిచ్చెన పట్టుకోని
ఏసీలు బాగుచేస్తనంటె బస్సుల ఎవడు ఎక్కనిస్తడు?

మొదటి కంపెనీ మెయిల్ చేస్తమన్నది.
రెండో కంపెనీల పిల్ల
అప్పటిదాకా సార్, సార్ అని
ఒక్కపారి "మిస్టర్ కొక్కుల" అన్నది.
గప్పుడే సమజైంది.
మూడో కంపెనీ ఫుల్లు ఇన్సూరెన్సుకు చెప్పిన రేటుకు
ఇంకో సన్నీ ఒస్తది, పాతదైనా.

"ఇగ థర్డ్ పార్టీ ఒక్కటే దిక్కు" అన్నడు శిహాబ్.
మా దిక్కు పార్టీ అంటె దావత్తు,
లేకుంటె ఎలచ్చన్ల జెండా.
"నువ్వు ఫస్టు, కంపెనీ సెకండు.
నీ బండికి, నీకు ఏమైనా వాళ్లకు సంబంధం లేదు.
ఎదుటోనికి అయితెనే ఇస్తరు."
ఎదుటోడు ఎవడు?
"ఎవడన్న కావొచ్చు" అనుకుంట ఫారం జరిపిండు.

గత అయిదేండ్లల ఏమన్న నేరం? ఔను. కాదు.
రెండు చిన్న డబ్బాలు.
"రూమ్మేట్ పేరు మీదికి మార్పిస్తవా బండి?
చానమంది చేస్తరు" అన్నడు, మెల్లగ, తలుపు దిక్కు చూసుకుంట.
అడిగినందుకు కోపం రాలే.
పెన్ను మూత తీసి పెట్టిన, తీసి పెట్టిన.

ఎవ్వలికి చెప్పని ముచ్చట ఒకటున్నది.
ఆ చెట్టుకు చీపురు ఆనిచ్చి ఉండె.
కింద టిఫిను డబ్బా, సగం తిన్న రొట్టె.
నారింజ రంగు అంగీ మనిషి
నీళ్లకని రోడ్డు దాటి, సీసా పట్టుకోని తిరిగొస్తుండె.
తన డబ్బా మీద పడ్డ మట్టల దిక్కు చూసిండు,
నా దిక్కు చూసిండు.
ఒక్క మాట అనలే.
సీసా మూత తీసి నాకే ఇచ్చిండు.
పేరు మొతాలిబ్, అంగీ మీద ఉన్నది.
పోలీసు కాయితంల ఎక్కడా లేదు.
ఆయనకు ఏం కాలేదు గదా, ఎందుకుంటది?

మగ్గం మీద పోగు తెగితె మా నాయిన ముడేసేటోడు.
"దాస్తె అక్కడ్నే చినుగుతదిరా" అనేటోడు.
ఔను దగ్గర టిక్కు కొట్టిన.
గీత జర డబ్బా బయటికి పోయింది.

రేటు చూసి శిహాబే నాకన్న ఎక్కువ బాధపడ్డడు.
చాయ్ తెప్పిచ్చిండు.

పొద్దుగూకినంక అదే రోడ్డు మీద ఒచ్చిన.
చెట్టు జాగల కొత్త చెట్టు,
గోనెపట్ట చుట్టి, మూడు కట్టెలకు కట్టి,
ఇంక నిలవడుడు రాలే దానికి.
నలభైల నడుపుతున్న.
ఎనుక ఎవడో ఒక్కతీరుగ హారన్ కొడ్తున్నడు.
కొట్టనీ.