ఉచంతి ఖాతా

నస్రీన్ పాపా,
నీ కాయితంలో ముప్పై ఎనిమిది ప్రశ్నలు,
ఒక్కోదాని పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు.
'ఏదో ఒకటి చుట్టండి సార్' అంటివి.
నలభై ఒక్కేండ్లు సున్నాలు చుట్టినోణ్ణి.
ముందు టీ తాగు.
ఆదోని ఎండకు సిరా గూడా పెన్నులోనే ఎండిపోతాది.

నాలుగో ప్రశ్న. బోర్డులో స్వతంత్ర సభ్యులు ఎందరు?
ఒకాయన. హోమియో డాక్టరు.
సావుకారు షడ్డకునికి అన్న.
ఏడాదికి నాలుగు సమావేశాలు తప్పకుండా జరిగినాయి,
ఒక్క రాత్రిలో, మా ఇంటి అరుగు మీద.
మూడు పెన్నులు మార్చి నేనే రాసినా.
మూడో సమావేశంలో ఆయన గట్టిగా అభ్యంతరం చెప్పినట్టు రాసినా,
ఊరికే, మర్యాదగా ఉంటాదని.
సంతకం పెడతా పెడతా చదువుకొని
ఆయన శానా సంతోషపడినాడు.

పదకొండో ప్రశ్న. ఆడిటరు నిల్వలు స్వయంగా చూస్తారా?
చూసినాడు.
పిల్లోడు, పాపం, కొత్త బూట్లు.
గోదాములో బుడ్డల బస్తాల నెట్టు.
పొడుగు పన్నెండు, వెడల్పు తొమ్మిది, ఎత్తు పద్నాలుగు.
వేలితో పొడిచి పొడిచి లెక్కబెట్టి గుణించినాడు.
పదిహేనువందల పన్నెండు.
గుణకారంలో తప్పు లేదు.

ఆ నెట్టుకు నడుమ ఏమీ లేదు, పాపా.
చుట్టూ బస్తాల గోడ, పైన పలకల మీద ఒక వరస.
నా పెన్సిల్ లెక్కలో ఆరువందల రెండు.
మిగిలిందంతా గది.
చల్లగుంటాదని హమాలీ ఉరుకుందు
మధ్యాన్నం ఆడనే పండుకునేవాడు.

ఆపొద్దు దగ్గినాడు.

సరుకు దగ్గింది.
పిల్లోని పెన్ను నిలబడిపోయింది.
నా మొగం దిక్కు సూసినాడు.
సావుకారు ఆ పూట బళ్లారిలో ఉన్నాడు.
బ్యాంకాయన అప్పు ఇచ్చి బదిలీ అయిపోయినాడు.
ఉన్నది మేమిద్దరం, నడుమ ఆ దగ్గు.

'ఎలకలు సార్' అన్నా.

నేనే అన్నా. ఎవరూ అనమని చెప్పలే.
ఆయన 'ఊఁ' అని రాసుకున్నాడు.
బూట్లు దులుపుకున్నాడు.

రెండేండ్లకు మిల్లుకు సీలు పడింది.
కాయలు ఏరే ఆడోళ్లు తొంభై ముగ్గురు.
వాళ్ల పీఎఫ్ కట్టినట్టే ఉంది ఆవర్జాలో,
ముత్యాల్లాంటి అక్షరాలు, నావే.
ఉరుకుందు ఇప్పుడు మార్కెట్ యార్డులో మోస్తాండాడు.
కనపడితే, 'ప్రాణేశరావు సామీ, ఎలకలు బాగుండాయా?' అంటాడు,
నగతా.
ఆ నగు నాకు పట్టపగలు గూడా చీకటి చేస్తాది.

తేలని పద్దును ఉచంతిలో పెడతాం.
ఎవరిదో తెలిసినంక ఆ ఖాతాకు మారుస్తాం.
ఆ దగ్గు ఎవరి ఖాతాదో మొదటిపొద్దే తెలుసు నాకు.
పదహారేండ్లాయె, మార్చలే.

నువ్వు అనంతపురం పోయి పెద్ద పుస్తకం రాస్తావు,
'అభివృద్ధి చెందుతున్న దేశాలలో' అని మొదలుపెడతావు.
రాయి తల్లీ, కాకిలెక్కలు మాత్రం రాయొద్దు.
నా జవాబు ఐదు అంకెల్లో యాడా ఇమడలే.
ముప్పై ఎనిమిది అయిపోయినంక, అడుగున,
'ఇతరములు' అని సన్న గీత ఉంది సూడు.
ఆడ ఒక్క మాట రాస్తా, 'ఎలకలు' అని,
కింద నా సంతకం.

ఈ పెన్సిల్ వద్దు.
నీ పెన్ను ఇట్లియ్యి.