కింది దారం

వకీలు పేరు పాణిగ్రాహి.
చెయ్యి పట్టుకునేవాడని అర్థం. ఆయన పని విడిపించడం.
నేను నవ్వితే ఆయనా నవ్వాడు,
నాకు ముందు చాలామందే నవ్వి ఉంటారు.
పర్లాకిమిడి కోర్టు వెనక రేకుల షెడ్డులో
ఒడియాలో టైపు కొట్టిన నా కాపురం, నాలుగు పేజీలు,
తెలుగులో చదివి వినిపించాడు:
ఫలానా తేదీన వివాహం జరిగినది,
భార్యాభర్తలుగా జీవించిరి,
రెండేళ్ళకు పైగా వేరుగా ఉంటున్నారు.
'జరిగినది' కింద సంతకం పెట్టాను.

బుధవారం బరంపురం.
తెల్లారి ఐదున్నర బస్సు,
బిషప్ హౌసు మేడమీద గది,
ఫాదర్ రైకా ఒక కాగితాల కట్ట ఇచ్చారు.
ముప్పై ఎనిమిది ప్రశ్నలు.
పెళ్ళి ఎప్పుడు చెడింది అని ఒక్కటీ అడగలేదు,
అసలు అయిందని ఎందుకనుకున్నావు అన్నట్టున్నాయి.
అక్కడ జరిగిందని ఒట్టు, ఇక్కడ జరగలేదని ఒట్టు,
రెండు చోట్లా దేవుని సాక్షిగానే.
అబద్ధం ఎక్కడ ఆడుతున్నాను ఫాదర్?
ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
"ఎక్కడా లేదమ్మా.
వాళ్ళడిగేది కాపురం గురించి.
మేమడిగేది ఆ ఒక్క నిమిషం గురించి."

ఆ ఒక్క నిమిషం.
పీఠం ముందు నేనూ, ఇన్నాసీ.
సూరత్ మిల్లు నుంచి పన్నెండు రోజుల సెలవు మీద వచ్చాడు.
"ఇది నీ మనస్ఫూర్తిగానేనా" అని గురువుగారు అడుగుతుంటే
అతని కోటు జేబులో ఏదో కొట్టుకుంది.
గుండె అనుకున్నాను.
ఎంత ముద్దొచ్చాడో ఆ క్షణాన.
ఫోను.
సూరత్‌లో అతని గదిలో అప్పటికే ఒకామె ఉంది,
ఆమెకి నాలుగో నెల.
ఇది నాకు ఏడేళ్ళకి తెలిసింది,
అతని చెల్లెలూ నేనూ పనసకాయ కోస్తుంటే.
చేతుల నిండా జిగురు. నీళ్ళకి పోదు, నూనె రాయాలి.
ఇరవై రెండో ప్రశ్న కింద జాగా చాల్లేదు,
కాగితం తిప్పి వెనక రాశాను.

బంధాన్ని కాపాడే ఫాదరు ఒకరుంటారట,
ఈ పెళ్ళి చెల్లుతుందని వాదించడమే ఆయన పని.
పదకొండేళ్ళలో నా పెళ్ళి తరఫున మాట్లాడిన
మొదటి మనిషి.
ఒకసారి చూడాలనిపించింది.

సాక్షిగా ఆరోగ్యమ్మత్తని పిలిచారు.
"ఏటీ, పెళ్ళవలేదా? మరి నేనొండిన పులావు ఎవులు తిన్నారు?"
అని వాళ్ళనే అడిగేసిందట.
అది కూడా రాసుకున్నారట.

నాకు తెలిసింది కుట్టుపని.
కింద బాబిన్‌లో దారం అయిపోయిన సంగతి ఒక్కోసారి తెలీదు.
సూది నడుస్తూనే ఉంటుంది, చప్పుడు మామూలే,
గుడ్డ జరుగుతూనే ఉంటుంది,
మూరెడు కుట్టేశాననుకుంటాం.
తీసి లాగితే పైదారం మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది.
కత్తిరించక్కర్లేదు, విప్పక్కర్లేదు,
ఎక్కడా ముడి పడలేదు.
గుడ్డ నిండా మాత్రం చిల్లులు, వరసగా,
ఎంత ఇస్త్రీ చేసినా.
ఇది చెబితే ఫాదర్ రాసుకోలేదు.
పాణిగ్రాహి గారు "ఇంకా ఆర్నెల్లు ఆగాలి మేడమ్" అన్నాడు.

పిల్లకి ఏ దోషమూ అంటదని ఫాదర్ ముందే చెప్పారు,
కోర్టులోనైనా, గుడిలోనైనా.
అడక్కముందే చెప్పారంటే
ఎందరు తల్లులు అడిగి ఉంటారో.
రోజలిన్‌కి తొమ్మిదేళ్ళు.
బడి ఫారంలో తండ్రి పేరు దగ్గర పెన్ను ఆపి నన్ను చూసింది.
రాయి, అన్నాను. గుండ్రంగా రాసింది.

నన్ను సత్ప్రసాదానికి ఎవరూ వద్దనలేదు.
అయినా ఆఖరి బెంచీలోనే కూర్చుంటున్నాను,
ఎందుకో నన్నడిగితే ముప్పై తొమ్మిదో ప్రశ్న అవుతుంది.

తిరుగు బస్సు ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రాలో పడి
పాతపట్నం దాటాక మళ్ళీ ఒడిశాలోకి ఎక్కుతుంది.
ఒళ్ళో సంచిలో ఏదో కొట్టుకుంది.
ఈసారి తీసి చూశాను:
ఒడిశాకు స్వాగతం.
ఇక్కడే పుట్టినదాన్ని.