అరికాళ్ళ చీమలు

కొరుక్కుపేట గేటు పడింది.
గూడ్సు బండి పోయేదాకా
అటువాళ్ళు అటే, ఇటువాళ్ళు ఇటే.
నా స్కూటీ హ్యాండిల్ పట్టుకుని
చెంగమ్మ అక్కడే నన్ను దొరకబుచ్చుకుంది.
"డాక్టర్ల పుస్తకాల కాడ పని చేస్తుండావు గదమ్మా,
మా ఆయన అరికాళ్ళలో చీమలు పోతుండాయి.
ఏందో చూసి చెప్పు."

చూడ్డమే నా ఉద్యోగం.
మెడికల్ కాలేజీ లైబ్రరీలో, ఫ్యాను తిరగని మూల,
పద్నాలుగేళ్ళుగా పరాయి ప్రశ్నలకి దారి వెతుకుతున్నాను.
అవన్నీ ఇస్త్రీ మడతలతో వస్తాయి.
ఇది తడిచెంగుతో వచ్చింది.

ఆమె ఫోన్లో జవాబు అప్పటికే ఉంది.
మనవడు వెతికిపెట్టాడు.
మొదటి పేజీలో కాలు తీసేస్తారు.
రెండో పేజీలో ఇరవయ్యొక్క రోజుల కషాయం,
మాత్రలు మానేయమని సలహా,
కింద, కొనమని ఎర్ర బొత్తాం.
భయానిది ఒక కొట్టు, ఆశది పక్క కొట్టు,
రెండింటికీ గల్లాపెట్టె ఒకటే.

అందరూ వెళ్ళాక వైద్య సూచిక తెరిచాను.
దీనికి పట్టింపులెక్కువ.
చీమలంటే నిజం చీమల్నే తెచ్చింది:
కాట్లు, దద్దుర్లు, ఎక్కడిదో అడవి.
తిమ్మిరి, మొద్దు, సూదిపోట్లు, మంట
చెంగమ్మ ఇంట్లో నాలుగూ నాలుగు.
ఇక్కడ చాలావాటికి ఒకటే గొడుగు,
దానికో గ్రీకు పేరు.
నలతకైతే గొడుగే లేదు.

మూడు మాటలతో సాగుతుంది నా వంట:
మరియు. లేదా. కాదు.
మూడోదాన్ని ఉప్పు కన్నా చూసి వెయ్యాలి.
కొత్తలో ఒకసారి తొందరపడి
మనుషులందర్నీ తీసేసి
ఎలుకల్ని మిగిల్చాను.

ఎనిమిది వేలు.
నాలుగొందలు.
ముప్ఫై ఒకటి.
మందుల కంపెనీ డబ్బుతో చేసినవి పక్కన పెట్టాను,
పారేయలేదు, పక్కనే.
తొమ్మిది మిగిలాయి.
తొమ్మిదీ మెల్లగా మాట్లాడతాయి:
ఉండవచ్చు, కనిపించింది, ఇంకా తేలాలి.
ఇన్నేళ్ళలో నేర్చింది ఇదొక్కటేనేమో,
గొంతు పెంచని కాగితం దగ్గర
ఇంకాసేపు కూచోవడం.

ఒక పేరా దగ్గర ఆగాను.
ఏళ్ళ తరబడి ఆ షుగర్ మాత్ర వేసుకునేవాళ్ళలో
కొందరికి ఒక విటమిన్ అడుగంటుతుందట,
కాళ్ళు తిమ్మిరెక్కవచ్చట.
షుగర్ వల్లే ఎక్కనూవచ్చు.
ఏదన్నది రక్తం చెప్పాలి,
నేను కాదు.

మర్నాడు గేటు తెరిచే ఉంది. అయినా ఆగాను.
చీటీ మీద తెలుగులో రెండు లైన్లు,
డాక్టరు కోసం ఇంగ్లీషులో ఒకటి.
"మాత్ర మానొద్దు.
ఈ పరీక్ష రాస్తారా అని అడుగు."

"రాత్రంతా చూసి తెచ్చింది అడిగే మాటా?
చెప్పే మాట లేదా?"
"లేదు."

కాసేపు నన్నే చూసింది.
వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
"ఇందులో చీమలు ఏ కాడ ఉండాయి?"
వేలు పెట్టి చూపించాను.
తన వేలూ దానిమీద పెట్టి
ఈ చివర్నించి ఆ చివరిదాకా మెల్లగా జరిపింది.
"ఇంత పొడుగు పేరా," అంది,
"మూటలు మోసిన కాళ్ళకి?"
రేషను కార్డు కవర్లో
చీటీ మడవకుండా పెట్టుకుంది.