తరుగు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వెనక సందులో
మా ఇంట్లో తరుగు అనే మాట
అన్నం అనే మాట కంటే ముందు నిద్రలేస్తాది.
తులానికి ఇంత తరుగు, ఇంత కూలి.
గిరాకీ గింజుకునేది ఆ మాట మీదనే.
నలభై ఏండ్లు విన్నా.
అది నా నడుముక్కూడా పడతాదని
ఎవురూ చెప్పలే.

మొదట దసరా జనంలో జారి మణికట్టు.
అప్పుడు తెలిసింది లోపలంతా గుల్లని.
రెండేండ్లు దినానికొక సూది,
ఈ పొద్దు పొట్టకు ఈపక్క, రేపు ఆపక్క.
పెన్ను అంటారు దాన్ని. రాయదు.
టిక్కుమన్నాక పది లెక్కబెట్టి తియ్యాల.
ఫ్రిజ్జు తలుపులో కొత్తిమీర పక్కన నిలబెట్టేదాన్ని.
కరెంటు పోతే మా ఆయన
ఐసుముక్కల డబ్బాలో పెట్టుకోని గౌసియా వాళ్ళింటికి,
పెండ్లికూతురి హారం మోసినట్ల.
సూది పడినాక లేస్తే కండ్లు తిరిగేవి.
రాత్రిళ్ళు పిక్కలు పట్టేవి.
పెట్టెలోని కాగితంలో ఎలుకల సంగతి ఉండె,
వాటికి ఎముకల్లో పుట్టకూడని గడ్డలు పుట్టినాయంట.
"మనం ఎలుకలం కాదు గదా" అనె ఆయన.
ఆ రాత్రి నిద్రపోనిది ఆయనే.

రెండేండ్లకు ఆపినారు. జీవితానికి ఇంతే అన్నారు.
కట్టింది కరిగిపోకుండా ఏడాదికొక సెలైను.
ఒక ఏడు జరమొస్తాదని ఎగ్గొట్టినా.
ఆ ముక్క డాక్టరుకు మొన్నటిదాకా చెప్పలే.

మొన్న గ్యాసుబండ రోంత జరిపినా.
పటిక బెల్లం కొరికినంత చప్పుడు.
నొప్పి ఆలస్యంగా వచ్చింది, చుట్టమొచ్చినట్ల,
వచ్చి పోలే.

డాక్టరు తస్లీమా ఫిల్ము వెలుతురుకెత్తి చూపిచ్చింది
ఒకపక్క నలిగిన వెన్నుపూస.
"ఇంకో కోర్సు ఆలోచిద్దామా పెద్దమ్మా?"
"ఒకసారే అన్నారే?"
"అప్పుడట్ల అనేవాళ్ళం. ఇప్పుడు కొందరికి ఇస్తాండాం.
మొదటిసారంత రాకపోవచ్చు.
అయిపోయినాక సెలైను మాత్రం మానొద్దు."
చెయ్యమనలే, వద్దనలే.
నాకు కోపమొచ్చింది అందుకే.
ఆలోచించమంటే యాడ కూర్చోని ఆలోచించాల?
కూర్చుంటే నడుము, నిలబడితే నడుము.

బయట బల్ల మీద జమ్మలమడుగు పుల్లమ్మ
మాత్రల చీటీ మడిచి రవికెలో పెట్టుకుంటా
"నీకు ఆలోచించేదానికన్నా ఉందమ్మే" అనె.
నాకు నోట మాట రాలే.

మా ఆయన బ్రహ్మయ్యాచారి లెక్కల మనిషి.
నెలకింత, ఇరవైనాలుగు నెలలకింత అని
బీడీకట్ట వెనక రాసుకుంటాడు.
నా దండకడియం కాటాలో పెట్టి, తీసి, మళ్ళా పెట్టె.
నాకు అరవై ఎనిమిది. నాలుగు వేళ్ళు కురచైనా.
నూరేండ్లు ఎవురికి కావాల?
మిద్దె మీద మిరపకాయలు నేనే ఎండబోసుకోవాల,
సజ్జ మీది డబ్బా ఎవుర్నీ పిలవకుండా దించాల.
దానికి ఎన్ని సూదులైతాయో
ఏ కాగితంలోనూ రాయలే.

ఉగాది ముందు అంగడి ఊడ్చిన మన్ను
కాల్చి, కడిగి, ఉన్న బంగారం తీస్తాడు.
తీసినాక ఆ మన్నే మళ్ళా కడుగుతాడు.
నిన్న వాకిట్లో కూర్చోని అడిగినా,
"రెండోసారికి ఏమన్నా వస్తాదా?"
"తక్కువొస్తాది."
"మరి నీ రెక్కలెందుకు ఇరగ్గొట్టుకుంటావు?"
ఆయన నా వైపు చూళ్ళే.
పళ్ళెం రోంత వంచి, నీళ్ళు పారబోస్తా
"ఉంది గదా దాంట్లో" అనె.

సందకాడ ఫ్రిజ్జు తెరిస్తే
ఆ చోట ఇప్పుడు నిమ్మకాయ సీసా, మల్లెపూల పొట్లం.
పొట్లం పైకి మార్చినా.
సీసా చేతిలో పట్టుకోని శానాసేపు నిలబడినా,
ఫ్రిజ్జు కీచుమని అరస్తా ఉండె తలుపు ముయ్యమని.