రెక్కల టోపీ

సమరంగం చౌక్‌లో మా డ్రామా డ్రెస్సుల కొట్టుకొచ్చి
ఆరుగురు మంత్రులు కావాలంది జోసఫిన్ టీచరమ్మ.
కృష్ణుడో పోలీసో అయితే ఇప్పుడే ఇస్తానన్నాను.
"చీనా చక్రవర్తి కొలువు, వెయ్యేళ్ల కిందటిది" అంది.

ఫోనులో బొమ్మ చూపింది:
పెద్ద హోదాకి ఊదా అంగీ,
దాని కింద కుంకుమరంగు, ఇంకా కింద ఆకుపచ్చ.
రంగుని బట్టి ఎంత వంగాలో తెలుస్తుందన్నమాట.
మా నాన్నకి రంగు కూడా అక్కర్లేదు.
సబ్ కలెక్టరాఫీసు దఫేదారు ఖాసిం సాహెబు,
మెట్ల మీద బూటు చప్పుడుకే లేచి నిలబడేవాడు.

టోపీ దగ్గర వచ్చింది చిక్కు.
నల్లగుడ్డ, రెండు పక్కలా మూరెడేసి రెక్కలు.
"ఇంత పొడుగెందుకమ్మా?"
"కొలువులో పక్కవాడి చెవి కొరక్కుండానట.
నిజమో కాదో."
వెదురుబద్దలు చీల్చి, గంజిపెట్టి, రాత్రి రెండయింది.
కృష్ణ వంతెన మీద గూడ్సు ఒకటి
ఎంతకీ తరగదు.

నడుముకి బంగారు చేప వేలాడాలట, పైవాళ్లకి.
పెట్టె అడుగున నాన్న ఇత్తడి బిళ్ల దొరికింది.
చింతపండేసి తోమాను.
చేప కాదు. దూరంనుంచి మెరుస్తుంది, చాలు.

కొలతలకి పిల్లల్ని తెచ్చింది.
ఆకుపచ్చ అంగీ ప్రభుదాసు ఒక్కడికే మాటుంది:
"ప్రభూ, ఇది తప్పు."
అనగానే వాణ్ణి దక్షిణానికి తోలేస్తారు, జ్వరాల సీమకి.
"నాకు బిళ్ల లేదేం?" అన్నాడు వాడు.
మిగతా అయిదుగురూ రెక్కలు ఢీకొట్టుకుంటూ
గుసగుసలాడుతూనే ఉన్నారు.

నాన్న ముప్పయ్యేళ్లు తలుపుకి ఇవతల నిలబడ్డాడు.
ఏ కాలువ ఏ కాగితం కింద ఎండిపోయిందో అన్నీ విన్నాడు,
ఒక్కటీ ఇంటికి తేలేదు.
అన్నంలో చెయ్యిపెట్టి ఆగిపోయేవాడు ఒక్కోసారి.
ఏమైందని అమ్మ అడిగితే
"ఉప్పు" అనేవాడు.

ఊదా అంగీ నుంచి బిళ్ల విప్పి
ప్రభుదాసు నడుముకి కట్టాను.
"ఆకుపచ్చకి ఉండదండీ" అంది టీచరమ్మ.
"మా కొట్లో ఉంటదమ్మా."

ఆటో వచ్చింది. మా గుమ్మం రెండడుగులే.
మహామంత్రి ముందు ఇరుక్కున్నాడు,
తర్వాత ఒక్కొక్కరే అడ్డంగా తిరిగి
ఎండ్రకాయల్లా బయటపడ్డారు.
దొరగారి గదిలోంచి నాన్నా ఇలాగే వచ్చేవాడు,
వీపు చూపకుండా.

ప్రభుదాసు టోపీ తీసి చంకలో పెట్టుకుని
నేరుగా నడిచి వెళ్లాడు.
రెక్క విరిగితే డిపాజిట్ ఇవ్వనురోయ్ అని
అరిచాను,
అలవాటు కొద్దీ.