ఎత్తుకు పైఎత్తు

దాతల కార్యాలయం నుంచి కాగితం వచ్చింది:
"ఈ సంస్థలో మీ పని మీకెంత తృప్తి?
ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె చుట్టండి."

కుతైసీలో ఆ వేళ వానలో కలిసిన మంచు.
వంటగదిలో చిక్కుడుగింజల పులుసు, మొక్కజొన్న రొట్టె,
ఒంటరి ముసలివాళ్లకు అరవై రెండు డబ్బాలు,
అరవై రెండు మూతలు.
బద్రి ఐదు చుట్టాడు.
"అంత తృప్తా?" అన్నాను.
"త్సియాలా అవ్వ ఉండేది ఐదో అంతస్తులో కదా" అన్నాడు.

ఆ మేడలో లిఫ్టు నాణెం మింగుతుంది, కదలదు.
తొంభై మెట్లు.
లారీల కర్మాగారం మూతపడ్డాక ఈ మనిషికి మిగిలినవి మోకాళ్లే,
అవీ అరువు తెచ్చుకున్నట్టు మూలుగుతాయి.

సంగతి మూతలే బయటపెట్టాయి.
కడగడానికొచ్చిన మూత లోపల మైనపు పెన్సిలుతో
ఏదో గడి, ఏదో బాణం.
లెక్కల మనిషిని, ముందు లంచమేమో అనుకున్నాను.
చదరంగం!
పులుసుతో ఇతని ఎత్తు మెట్లెక్కుతుంది,
ఖాళీ డబ్బాతో ఆవిడ పైఎత్తు దిగుతుంది.
రోజుకొక్కటే. ఒక ఆటకు ఒక చలికాలం.
ఆదివారం సెలవు, రాజులకు కూడా పస్తు.

గుమ్మానికి ఎనిమిది నిమిషాలని మా నియమం.
ఆ గుమ్మంలో ఇతను పందొమ్మిది.
పెన్సిలు లాక్కుని నా సొరుగులో పడేశాను.
తాళం కూడా వేశాను, చెప్పుకుంటే సిగ్గు.

వారం పాటు మూతలు తెల్లగా వచ్చాయి.
ఎనిమిదంటే ఎనిమిదే,
బద్రి పలకరింపు కూడా గరిటెతో కొలిచినట్టు.
నా అంకెలన్నీ సరిపోయాయి.
సరిపోవడం ఇంత చప్పగా ఉంటుందని తెలీదు.

శనివారం అతనికి జ్వరం. డబ్బా నేను మోశాను.
మూడో అంతస్తులో కూలబడ్డాను, నాలుగులో దేవుణ్ణి తిట్టాను.
తలుపు తీసిన ఆవిడ పులుసు వంక చూడలేదు,
మూత తిప్పి చూసింది.
"నా గుర్రం వారంగా మంటల్లో నిలబడి ఉంది.
నువ్వెవరు?"

పదకొండేళ్లుగా సంస్థను నడుపుతున్నదాన్ని.
ఆ మాట నోట్లోనే చల్లారింది, పులుసు కంటే ముందు.

సోమవారం తాళం తీశాను.
ఇప్పుడు వంటామె జుజూనా మూతల మీద పొడుపుకథలు రాస్తోంది,
తప్పులతో సహా.
నర్సు ఎతెరి మాత్రం ఇదంతా పిల్లల వేషమంటుంది.
అననీ. ఆమె మూతలు తెల్లవే.

మూడునెలల నివేదికలో చివరి గడి, "ఇతరములు."
అక్కడ చాలాసేపు ఆగి
"ఒక గుర్రం బతికింది" అని రాశాను.

నిన్న జవాబొచ్చింది, ముద్ర వేసి మరీ:
"గుర్రం కొనుగోలుకు ముందస్తు అనుమతి కనబడలేదు.
దయచేసి రసీదు జతపరచగలరు."