నీడ ఎటు పక్క

మొదటిసారి ఫోన్ కొనపోయినప్పుడు
జేబుల ఒక మెమరీ కార్డు పెట్టుకొని పోయిన.
నవ్వకుండ్రి.
పిల్లను చూడపోయేటోడు
పెద్దమనిషిని వెంట తీస్కపోయినట్టే అనుకోండ్రి.

గుదైబియాల శుక్రవారం, నాలుగింటికి.
ఆరేండ్లు ఇస్త్రీపెట్టె పట్టిన చెయ్యి,
అద్దం మీద వేలు పెడితే ఫోన్‌కు తెలుస్తలేదు.
కాయలు గాసిన వేళ్ళకు ఇది పలకదు,
చిటికెన వేలు పెట్టుమన్నడు దుకాణం పిలగాడు.

కార్డుల ఉన్నయి మూడే.
మూడూ మా అర్రల, పై మంచం మీద పుట్టినయే.
లింబాద్రి పగలు లిఫ్టులు బాగుచేస్తడు.
రాత్రి, మూత ఇరిగిన లాప్‌టాప్‌ను
బియ్యం డబ్బాకు ఆనిచ్చి
ఏదో రాస్తడు, కొట్టేస్తడు, తన్ను తానే తిట్టుకుంటడు.
జీతానికి గాదు. చెయ్యుమని ఎవ్వలూ అడగలే.
ఎందుకురా అంటే,
"లిఫ్టు పైకి పోతది, కిందికొస్తది, అంతేగదా.
ఇది పక్కకు గూడ పోతది" అన్నడు.

ఒకటి పులి-మేక.
ఆఖరి మేక ఒక్కోసారి ఉత్తగనే మాయమైతది,
ఎందుకో చేసినోనికే తెల్వదు.
ఇంకోటి ఓటీ లెక్క.
గంటలు కొడితే దీనార్లు, ఫిల్సులు చెప్తది,
కంపెనీ మింగింది ఎర్ర అంకెలల్ల చూపిస్తది.
ఆఖరుదాని పేరు నీడ.
ఈ గంటకు ఏ సందుల
ఏ పక్క నీడ పడ్తదో చెప్తది.
దానికోసం పోయిన జూన్ నెలంత
సుద్దముక్క పట్టుకొని గోడల పొంట తిరిగిండు.
ఒకసారి పోలీసు ఆపితే
నీడను కొలుస్తున్న అని ఏ భాషల చెప్పాల్నో తెల్వక
కార్డు చూపిచ్చి ఊకున్నడట.

దుకాణం పిలగానిది తలశ్శేరి.
ముందుగాల పిరమైనది తీసిండు,
నల్లగ, వానల తడిసిన బండ తీరు.
కెమెరా చూడమన్నడు, తూకం చూడమన్నడు.
నేను కార్డు చేతిలవెట్టి, ఇది ఎక్కుతదా అన్న.
కార్డు వెట్టే సందే లేదు దానికి.
ఎవలో ఇంట్ల కూసొని చేసింది ఊకెనే రాదట,
కంపెనీ ఒప్పుకోవాలెనట,
యాడాదికింత కట్టాలెనట, ముద్ర పడాలెనట.
అట్లనా,
ఈ ఫోన్‌కు గూడ కఫీల్ ఉన్నడా, అన్న.
వాడు నవ్వలే.
వానికీ ఉన్నడు గదా.

బటన్లది ఒకటి చూపిచ్చిండు.
పులి వచ్చింది గని, తోక దగ్గర్నుంచి సగమే.

తర్వాత అర కింది నుంచి ఒకటి తీసిండు,
ముప్పై ఎనిమిది దీనార్లు,
ఎవలో వాడి అమ్మింది, మూలకు దెబ్బ.
కార్డు వెడితే ఇంగ్లీషుల ఏదో అడిగింది.
పిలగాడు హిందీల చెప్పిండు:
యాడిదో ఎరుకలేని తావుకెల్లి వచ్చిందట,
లోపటికి రానియ్యాల్నా?
రానీ, అన్న.
నేనేమన్న మనామాల పుట్టిన్నా?

తెరుచుకున్నది.
ఆ ఫోన్‌కు తెలుగు రాదు.
సిమ్ వేసి తమ్ముని మెసేజ్ చూస్తే
అన్నీ డబ్బాలే,
సరుకు దించినంక మిగిలే కార్టన్ల లెక్క.
లింబాద్రి అక్షరాలు మాత్రం వచ్చినయి.
ఒక్కొక్కటి బొమ్మ గీసినట్టు చేత్తోని గీసిండు.
'ళ' కొద్దిగ కుంటుతది.
'క్ష' అయితే ముడివడ్డ తాడే.
గా వంకర అక్షరాలతోనే అడిగింది,
పులివా, మేకవా?

చిటికెన వేలుతోని మేక మీద ఒత్తిన.
పైసలు లెక్కవెట్టి ఇచ్చిన.
రెండు దీనార్లు తక్కువ చెయ్యిమంటే చెయ్యలే.

బయట ఎండ ఇంక కొడుతనే ఉన్నది.
నీడ తెరిచి చూసిన.
ఎడమ పక్కకు నడువుమన్నది.
ఎడమ పక్క గోడ లేదు.
మొన్ననే కూలగొట్టిండ్రట,
రేకులు అడ్డంపెట్టి తవ్వుతున్నరు.

ఎండలనే నడిచిన.
లింబాద్రికి చెప్పాలె,
ఒక గోడ తక్కువైందని.